అరకును చుట్టబెట్టడం ఎలా?

ముందు వాట్సాప్‌లో గ్రూపు పెట్టండి. ఎవరెవరు వస్తారో తేలకముందే దానికి ‘ఛలో అరకు’ అని పేరుండాలి. శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికల్లా విశాఖ చేరాలి గనక బొర్రా గుహలు, గాలికొండ, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి అన్నీ కుక్కేయండి. ఒకరు వంజంగి మబ్బులంటారు, ఇంకొకరు లంబసింగి మంచంటారు. అవి పాడేరు వైపు ఎక్కడో ఉన్నా కాదనకండి. డ్రైవరున్నాడుగా.

రైలెక్కితే సొరంగం వచ్చినప్పుడల్లా అరవండి. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం మోయడానికి వేసిన లైను అది. ఖనిజం ఇంత గోల చెయ్యదు.

సంత వారానికొక్కరోజే. అది మన సెలవును బట్టి జరగదు కాబట్టి మానేయండి.

బొంగు చికెన్‌లో నూనె ఉండదని అందరికీ చెప్పండి, పక్కనే మిరపకాయ బజ్జీలు నంజుకుంటూ.

అసలు పని వలిసె పూల దగ్గర. నవంబరులో కొండవాలంతా పచ్చగా పసుపు ఆరబోసినట్టుంటుంది. కారాపి నేరుగా చేలోకి దిగాలి. గట్టు మీద నిలబడితే ఫోటో బాగా రాదు, పూలు నడుందాకా ఉండాలి. అవి నూనెగింజలనీ, పువ్వు రాలి గింజ కడితేనే ఆ రైతుకు నాలుగు డబ్బులనీ ఎవరైనా అంటే నవ్వేయండి. పూత మీదున్న మన కందిచేలో ఎవడైనా పెళ్లికూతురితో ఫోటోలు దిగితే కర్ర పుచ్చుకుంటాం, అది వేరే సంగతి. రైతు వచ్చి మనిషికి ఇరవై ఇమ్మన్నాడనుకోండి, ‘వీళ్లు కూడా కమర్షియల్ అయిపోయారండీ’ అని నిట్టూర్చండి. సీజనని రిసార్టువాడు గదికి రెట్టింపడిగితే మాత్రం మాట్లాడకుండా ఫోన్‌పే కొట్టేయండి. మన లెక్కలో గిరిజనుడు అమాయకుడిగానే ఉండాలి. ధర అడిగాడంటే చెడిపోయినట్టే. ఆ లెక్కలో మీరూ నేనూ, మనతో వచ్చిన బావగారూ అందరం ఒకటే.

రాత్రి మంట చుట్టూ థింసా ఉంటుంది. వెనకనుంచి చేతులు పెనవేసుకుని ఆడవాళ్లు అడుగేస్తుంటే మధ్యలో దూరి, వాళ్ల అడుగు తప్పించి, రీల్ చేయండి. వాళ్లు బగతలా, కొండదొరలా, గదబలా, ఏ ఊరివాళ్లు అని అడగక్కర్లేదు. ‘ట్రైబల్ డ్యాన్స్’ అని రాస్తే సరి. చైత్రంలో ఇటుకల పండక్కి వాళ్ల ఊళ్లో వాళ్లకోసం ఆడుకునేదీ ఉంది. అప్పుడు ఎండలని మనం వెళ్లం.

ఇక తిరుగుదారిలో, ఘాట్ రోడ్డు మలుపులో ఎవరో ఒకరు అడిగే తీరతారు: ‘ఇక్కడ ఎకరం ఎంతుంటుంది?’ దీనికి మాత్రం వేళాకోళం లేని జవాబు ఉంది. 1970 నాటి 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడికి ఎవరు అమ్మినా ఆ అమ్మకం చెల్లదు.