ఎలాగూ బాబాయ్

బెజవాడలో పెళ్లికార్డుల ప్రెస్సులున్న ఏ సందులోకెళ్లినా ఇలాంటి బాబాయ్ ఒకాయన తగులుతాడు. సీఎంఏ ఇంటర్‌లో ఒక గ్రూపు గట్టెక్కి, రెండోది దేవుడికొదిలేసి, సాయంత్రాలు నాలుగు ప్రెస్సులకి లెక్కలు రాస్తుంటాడు. నోరు విప్పితే 'ఎలాగూ' లేకుండా వాక్యం ముగియదు.

ఆషాఢం. ముహూర్తాల్లేవు. ఆఫ్‌సెట్ మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆపరేటరు దానికి ఆనుకుని ఫోన్లో సినిమా చూస్తున్నాడు. అలాంటి రోజున ఓ స్కూలాయన వచ్చి రెండు వేల డైరీలు కావాలి, ఒక్కోటి 35కి వేసిపెట్టమన్నాడు. ఓనరు భగ్గుమన్నాడు. "నాకే 42 పడుతుంటే 35కా! 14,000 బొక్క."

బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, చెడిపోయిన శుభలేఖ ఒకటి తిరగేసి గీత గీశాడు. కాయితం, ఇంకు, ప్లేట్లు, బైండింగు, కరెంటు కలిపి 30. మిగతా 12 షాపద్దె, జీతాలు, మిషను వాయిదాల వాటా. "అద్దె ఎలాగూ కడతావు. వాడికి జీతం ఎలాగూ ఇస్తావు, సినిమా చూసినందుకైనా. డైరీకి 5 చొప్పున 10,000 చేతికొస్తుంటే కాదంటావా?" ఆపైన, ఈ ఓవర్‌హెడ్ ఖర్చుల మీద 1923లోనే అమెరికాలో క్లార్క్ అనే ఆర్థికవేత్త ఏకంగా పుస్తకమే రాశాడని, ఆ క్లార్క్ తన వేలువిడిచిన మేనమామ అయినట్టు చెప్పాడు.

లెక్కకి వంక పెట్టలేం, మిషను దుప్పటి కింద ఉన్నంతకాలం. అదే ఆర్డరు శ్రావణంలో వస్తే 30తో సరిపోదు. డైరీల కోసం పక్కనపెట్టిన పెళ్లికార్డుల మీద పోయే లాభం కూడా దాని నెత్తినే వెయ్యాలి. ఇదంతా బాబాయ్‌కి కంఠతా వచ్చు. రానిదల్లా, మనుషులకి నోళ్లుంటాయన్న సంగతి. వారం తిరక్కుండా పాత ఖాతాదారు, ఓ కాన్వెంటు కరస్పాండెంటు, ఆ డైరీ చంకలో పెట్టుకుని దిగాడు. "మాకు మాత్రం 50 ఏంటండీ?" ఆయనవి మూడు వేల డైరీలు. బతిమాలగా బతిమాలగా 45 దగ్గర ఆగాడు. అంటే 15,000 వదిలింది. స్కూలాయన తెచ్చిన 10,000 కూడా అందులోనే కొట్టుకుపోయింది.

సిద్ధాంతం ప్రెస్సు గడప దాటకపోయినా బాగుండేది. హైదరాబాదు ప్రైవేటు బస్సు కదలబోతుంటే బాబాయ్ సగం రేటుకి బేరమాడతాడు. "బస్సు ఎలాగూ పోతుంది, సీటు ఎలాగూ ఖాళీ. నా బరువుకి డీజిలెంత అవుతుందయ్యా?" క్లీనరు ఏ గ్రూపూ పాసవలేదు. "మెల్లగా సార్, లోపల 1,200 పెట్టినోళ్లున్నారు" అని గొంతు తగ్గించి ఎక్కించుకుంటాడు. చెప్పాపెట్టకుండా ముగ్గుర్ని భోజనానికి తీసుకొచ్చి "పొయ్యి ఎలాగూ వెలుగుతోందిగా" అంటే, "నా నడుమూ ఎలాగూ విరుగుతోందిలే" అంటుంది పిన్ని.

మొన్న ఓనరు మెల్లగా కదిపాడు. "నెలకి 4,000 ఇస్తున్నాను బాబాయ్‌గారూ. ఈ సీజన్లో మీరు ఎలాగూ ఖాళీ, లాప్‌టాప్ ఎలాగూ ఉంది. 2,000కి చూడకూడదూ?"

బాబాయ్ మరో శుభలేఖ తిరగేశాడు. ఇంటద్దె, స్కూటరు వాయిదా, లాప్‌టాప్ తరుగుదల, అమ్మాయి ట్యూషన్ ఫీజు వరసగా వేసి, నాలుగు ప్రెస్సులకీ పంచి, పెన్ను మూత పెట్టాడు.

"నాకే 4,350 పడుతోందయ్యా."