కెరీర్ ఆబ్జెక్టివ్‌కు టీకా తాత్పర్యం

మూలము: "టు వర్క్ ఇన్ ఎ ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్ వేర్ ఐ కెన్ యుటిలైజ్ మై స్కిల్స్ ఫర్ ద గ్రోత్ ఆఫ్ ద ఆర్గనైజేషన్ అండ్ మైసెల్ఫ్."

అవతారిక: టెక్నికల్ సపోర్టు ఉద్యోగము గోరి హైదరాబాదు ప్రయాణమునకు సిద్ధపడిన యువకుడొకడు రెజ్యూమే అను ప్రబంధమును రచింపబూని, గ్రంథాదియందు ఇష్టదేవతాస్తుతి శిష్టాచారము గనుక, దేవత యెవరో ఇంకను తెలియకున్నను, ఆ తెలియని కంపెనీనే ముందుగా స్తుతించుచున్నాడు, "టు వర్క్" అని.

టీక: ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్ = సవాళ్లతో గూడిన పరిసరమందు, అనగా రాత్రి తొమ్మిదింటికి మొదలై తెల్లవారి ఆరింటికి ముగియు షిఫ్టునందు; మై స్కిల్స్ = నా నైపుణ్యములను (ఇవి యెవ్వియో రెండు పుటలయందును ఎచ్చటను చెప్పబడలేదు). తక్కినది సులభము.

సమాసము: "ఆర్గనైజేషన్ అండ్ మైసెల్ఫ్" అనునది ద్వంద్వమని కొందరందురు. అది పొసగదు. ద్వంద్వమున రెండు పదములకును సమప్రాధాన్యము ఉండవలెను. ఇచట మొదటిది ఏటేటా వృద్ధి బొందుచుండ, రెండవదానికి ఇంక్రిమెంటు మాటయే లేదు. కావున ఇది షష్ఠీ తత్పురుషము: ఆర్గనైజేషన్ యొక్క మైసెల్ఫ్.

పాఠాంతరములు: ఈ వాక్యమునకు మూడు ప్రతులను పోల్చి చూచితిని. జనగామ ప్రతి బస్టాండు దగ్గరి జిరాక్సు సెంటరుది. మానుకోట ప్రతి (మహబూబాబాదును అక్కడివారు నేటికీ ఇట్లే అందురు) ఒక డీటీపీ దుకాణముది. భూపాలపల్లి ప్రతి వాట్సాప్ మార్గమున వచ్చినది; ఆ ఊరికి రైలు లేదు గదా. పాత వరంగల్లు జిల్లా 2016 అక్టోబరు 11న ముక్కలైనను ఈ వాక్యము మాత్రము చెక్కుచెదరలేదు. భూపాలపల్లి ప్రతిలో ఛాలెంజింగ్‌కు ముందు "హైలీ" అని యున్నది; అది ప్రక్షిప్తము. మానుకోట ప్రతిలో "ఆర్గనైజేషన్" నడుమ ఒక అక్షరము జారినది. అది లేఖక ప్రమాదము. మూడింటియందును చివర "ప్లేస్: హైదరాబాద్" అనియే యున్నది. సింగరేణి గనుల ఊరైన భూపాలపల్లిలో, చెల్పూరు థర్మల్ కేంద్రపు పొగ గొట్టములు కనబడు చోట కూర్చుండి పిల్లవాడు హైదరాబాదులో సంతకము పెట్టుచున్నాడు. దీనిచే మాతృక నగరముదని తేలుచున్నది. కర్త యెవరని ఫైలు ప్రాపర్టీసులో వెదకగా "అడ్మిన్" అని కనబడెను. ఈ మహాకవి కాలాదులు విచార్యములు.

ప్రతుల మాట వచ్చింది గనుక ఒక ముచ్చట చెప్పనివ్వండి. సి.పి. బ్రౌన్ కడపలో తన జీతంలోంచి డబ్బు పెట్టి, పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి పోల్పించాడు. ఆ పాత లేఖకులకు ఒక అలవాటుండేది. రాత పూర్తయ్యాక చివరి ఆకు మీద తమ గోడు రాసుకునేవారు. ఎట్లా చూశానో అట్లా రాశాను, తప్పొప్పులకు నన్ను నిందించకండి అని ఒకడు. నడుము వంగింది, మెడ వంగింది, ఇంత కష్టపడి రాసిన పుస్తకాన్ని నూనె నుంచి, నీళ్ల నుంచి, మూర్ఖుడి చేతి నుంచి కాపాడండి అని ఇంకొకడు. నకలు రాసేవాడు తాను నకలు రాస్తున్నానని ఒప్పుకునేవాడు. అందులో ఉన్నదంతా నిజమని ఏ లేఖకుడూ పూచీ పడలేదు.

ఇప్పుడు మన ప్రతుల చివరి ఆకు చూడండి. "పైన పేర్కొన్న సమాచారమంతా నాకు తెలిసినంతవరకు సత్యమని ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను." పక్కవాడి ఫైలులో పేరు మార్చి, తండ్రి పేరు మార్చి, కింద సత్యప్రమాణం! తాళపత్రాల వాడికి ఉన్న పాటి సిగ్గు మన టెంప్లేటుకు లేకపోయింది. అసలు ఉద్యోగమిచ్చేవాళ్లలో ఈ ప్రమాణాన్ని చదివేదెవరు? ఇరవై రెండేళ్ల పిల్లవాడి పెళ్లయిందో లేదో, తండ్రి ఎవరో తెలిస్తే ప్రింటరు బాగవుతుందా?

వ్యాఖ్యానమంటూ మొదలుపెట్టి మల్లినాథసూరికి దండం పెట్టకపోతే పాపం. మెదక్ దిక్కున కొల్చారం ఆయన ఊరంటారు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు కవిత్వం మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే రాస్తున్నాననీ చెప్పి తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఆయన పెట్టుకున్న నియమాల్లో రెండు: ఆధారం లేనిది ఒక్క ముక్క రాయను, అక్కర లేనిది ఒక్క ముక్క చెప్పను. రఘువంశం మొదలు నైషధం దాకా ఈ కట్టుబాటుతోనే నడిచాడు. రెజ్యూమే రాయడానికి ఇంతకన్నా మంచి సూత్రం ఏ కోచింగ్ సెంటరులోనూ దొరకదు. దొరికితే వాళ్లకు రెండో పేజీ మిగలదు.

ఇక పాలకుర్తి. ఇప్పుడది జనగామ జిల్లాలో ఉంది. పాల్కురికి సోమన జాను తెనుగు కావాలన్నాడు. సంస్కృతం దట్టించిన పద్యాలకు గౌరవం దక్కే కాలంలో, పదిమంది నోటికీ చెవికీ అందాలని ద్విపద పట్టుకుని బసవపురాణం రాశాడు. టెక్నికల్ సపోర్టు అనే వృత్తికి మూలపురుషుణ్ని వెతకమంటే నేను సోమననే చూపిస్తాను. ఆ ఉద్యోగంలో తొంభై పాళ్లు ఇదే: అవతల ఫోనులో కంగారు పడుతున్న మనిషికి, కంప్యూటరు పరిభాష ఒక్కటీ తగలకుండా, ఏ తీగ ఎక్కడ ఉందో చూడమని చెప్పి చూపించగలగడం. ఆ పాలకుర్తి మండలం నుంచే రేపు ఒక పిల్లవాడు "యుటిలైజ్" అని రాసుకుని రైలెక్కుతాడు. బమ్మెర పోతన మాట ఇక్కడ ఎత్తను. నరాంకితం చేయనన్న మహానుభావుణ్ని ఉద్యోగ దరఖాస్తులోకి ఈడ్వడం న్యాయం కాదు.

ప్రకృతమనుసరింతము.

అలంకారములు: "స్ట్రెంత్స్: హార్డ్ వర్క్, స్మార్ట్ వర్క్" అనుచోట విరోధాభాసము. "వీక్‌నెస్: పని పూర్తగునందాక నిద్రపట్టదు" అనుచోట నింద వేషమున స్తుతియే యున్నది గనుక వ్యాజస్తుతి. "హాబీస్: లిజనింగ్ టు మ్యూజిక్" నిరలంకారము.

"ఎక్స్‌పీరియన్స్: నిల్." ఇచట వ్యాఖ్యాత ఆగుచున్నాడు.

ఆగక ఏం చేయాలి? ఇది మానుకోట ప్రతి. ఈ పిల్లవాడు మీ సేవ కేంద్రంలో రెండేళ్లు కూర్చున్నాడు. మిర్చి ఏరి ఏరి వేళ్లు అరిగిన అమ్మలు వస్తారు; యంత్రం వేలిముద్ర పట్టదు. ముందు అద్దం తుడుస్తాడు. "చేతులు రుద్దుకో అవ్వా" అని ఇంకో వేలు పెట్టిస్తాడు. అప్పటికీ పడకపోతే విండోస్ సర్వీసెస్‌లోకి పోయి వేలిముద్ర యంత్రాన్ని నడిపే ఆర్‌డీ సర్వీసు ఆగిందేమో చూసి మళ్లీ నడిపిస్తాడు. ఒక్కరిది పడకపోతే వేలిదో యంత్రానిదో లోపం, పొద్దున్నుంచి ఎవరిదీ పడకపోతే లోపం పైన సర్వరులో ఉంది, తన బల్ల దగ్గర కుస్తీ పట్టి లాభం లేదు, పై వాళ్లకు ఫోను చేయాలి. ఈ తేడాను పెద్ద కంపెనీల వాళ్లు ఇన్సిడెంట్ అనీ మేజర్ ఇన్సిడెంట్ అనీ పేర్లు పెట్టి ఐటిల్ కోర్సులో ఫీజు కట్టించుకుని నేర్పుతారు. నెట్ రావట్లేదంటే ఐపీ అడ్రసు చూస్తాడు, అది 169.254తో మొదలైతే రూటరు నుంచి అడ్రసు రాలేదని అర్థం, ముందు కేబులు చూడాలని తెలుసు. దీన్ని కాకపోతే మరి దేన్ని ఎల్‌1 సపోర్టు అంటారు? క్యూలో నలభై మంది తిడుతుంటే గొంతు పెంచకుండా చేశాడే ఈ పని, ఆ కంపెనీలలో కాలర్లు కనీసం ఎదురుగా నిలబడి తిట్టరు.

అదంతా "నిల్" ఎందుకైంది? జీతం చేతికిచ్చారు, లెటరు ఇవ్వలేదు. లెటరు లేనిది ఎక్స్‌పీరియన్సు కాదని ఎవరో చెప్పారు. నగరంలో డబ్బు పారేస్తే చేయని పనికి రెండేళ్ల లెటరు దొరుకుతుంది, అది చూపించినవాడిది అనుభవం. ఇంకా కింద చూడండి. "లాంగ్వేజెస్ నోన్: ఇంగ్లిష్, తెలుగు, హిందీ." తండా నుంచి వచ్చినవాళ్లతో రోజంతా లంబాడీలో మాట్లాడిన మనిషి ఆ భాషను రాయలేదు. "అది గూడ రాస్తరా సార్?" అన్నాడు అడిగితే.

శంక: ఏలికలు రెజ్యూమేను ముందుగా యంత్రముచే చదివింతురు గదా, యంత్రమునకు పెద్ద పదములు ప్రీతి గదా యని యందువేని, సమాధానము: యంత్రము వెదకునది పెద్ద పదములను గాదు, ప్రకటనలో అడిగిన పదములను. ప్రింటర్ డ్రైవర్, డీహెచ్‌సీపీ, రిమోట్ డెస్క్‌టాప్, టికెట్ వంటివి చేసిన పనిలో ఉన్నచో ఉన్నట్లు వ్రాయవలెను. రంగు గడులు, రెండు వరుసల బల్లలు, ఫొటో పెట్టినచో యంత్రము తికమక పడును. డైనమిక్, ప్యాషనేట్ అనువానిని నరుడును చదవడు.

పరిష్కృత పాఠము: "మానుకోట మీ సేవ కేంద్రంలో రెండేళ్లు ఆపరేటరుగా పనిచేశాను. వేలిముద్ర యంత్రాలు, ప్రింటర్లు, నెట్ మొరాయిస్తే నేనే చూసేవాణ్ని. నా చేతిలో లేని సమస్యను వివరాలతో సహా పై వాళ్లకు పంపి, పరిష్కారమయ్యేదాకా వెంటపడేవాణ్ని. తెలుగు, లంబాడీ, హిందీలో ఫోను మీద చెప్పి చేయించగలను. ఇంగ్లిషులో మెయిల్ రాయగలను. రాత్రి షిఫ్టుకు ఇబ్బంది లేదు."

పిల్లవాడు రెండుసార్లు చదివి, "గింతేనా సార్?" అన్నాడు. డీటీపీ దుకాణం అన్న మానిటరు మీంచి తల తిప్పలేదు. "సగం పేజి గూడ నిండలే తమ్మీ. పైసలు మాత్రం గంతే."