లడ్డూకు లక్షలు, పన్నుకు లెక్కలు

వ్యక్తి ముఖ్యుడా, సంఘము ముఖ్యమా అను వివాదమును పాశ్చాత్య దేశములందలి తత్త్వవేత్తలు కొన్ని శతాబ్దములుగా చర్చించుచు, గ్రంథములు వ్రాయుచు, ఆ గ్రంథములను ఖండించుచు మరికొన్ని గ్రంథములు వ్రాయుచు, నేటికిని ఒక నిర్ణయమునకు రాలేకపోయినారు గాని, రంగారెడ్డి జిల్లా బాలాపూర్‌లో ఆ వివాదము ప్రతి సంవత్సరము గణేశ నిమజ్జనము నాటి ఉదయమున, బొడ్రాయి యెదుట, వేలాది జనుల సమక్షమున, ఒకటవసారి, రెండవసారి, మూడవసారి అను మూడు మాటలతో తీరిపోవుచున్నది. అచట జరుగు గణేశుని లడ్డూ వేలమున ఒక వ్యక్తి తన సొంత ధనమును, తన సొంత ఇష్టముతో, తన పేరు పదిమంది నోట పలుకుటకై వెచ్చించును. ఆ ధనము ఊరిది యగును. వ్యక్తివాది తృప్తి చెందును, సమష్టివాది తృప్తి చెందును, ఇరువురికిని సాక్షియైన విఘ్నేశ్వరుడు లారీ యెక్కి హుస్సేన్‌సాగరమునకు బయలుదేరును.

దీనికి పూర్వచరిత్ర కలదు. ఎవరి ఇంట వారు, ఎవరి పత్రితో వారు చేసికొను వినాయకుని పూజను 1893లో బాలగంగాధర తిలకుగారు పూనా నగరపు వీథులలోనికి తెచ్చి, గృహస్థుని దేవుని సమాజపు దేవునిగా మార్చినారు. బాలాపూర్‌లో ఉత్సవములు 1980లో మొదలైనవి. లడ్డూ వేలము 1994లో. ఆ తొలి యేడు ఒక స్థానిక రైతు 450 రూపాయలకు దానిని పాడుకొని, కొంత అయినవారికి పంచి, కొంత పొలమున చల్లుకొనెనట. ఆ యేడు కలిసివచ్చినదట. మరుసటి యేడు అతడే 4,500 రూపాయలకు పాడెను. తక్కిన కథను అంకెలే చెప్పును. 2002లో లక్ష దాటినది. 2015లో పది లక్షలు దాటినది. 2024లో 30,01,000 రూపాయలు. 2025లో 35 లక్షలు. లడ్డూ బరువు 21 కిలోలు గనుక కిలో ధర 1,66,000 రూపాయల పైచిలుకు. దేవాలయములందలి ప్రసాదముపై వస్తుసేవల పన్ను లేదని కేంద్రప్రభుత్వము 2017లోనే విశదపరచి యున్నది గనుక, ప్రసాదమనినంతనే మనకు సర్కారు వాటా స్ఫురింపదు. స్ఫురించునట్లయినచో పాట ఏ అంకె కడ నిలిచెడిదో పాఠకులే ఊహింపవచ్చును.

ఇక పాట గెలిచినవాని వైభవము చూడవలెను. మెడలో దండలు, భుజమున శాలువ, చుట్టును పత్రికలవారు, టీవీలవారు, సెల్‌ఫోనులు పైకెత్తిన యువజనులు. ఆ సాయంకాలమునకు అతని పేరు ఆదిలాబాదు మొదలు అమెరికా దాక తెలియని తెలుగువాడుండడు. వచ్చిన సొమ్మును ఉత్సవ సమితివారు గుడికిని, బడికిని, ఊరి వసతులకును వినియోగింతురు. 2024లో సమితివారొక నియమము చేసినారు: పాటకు దిగదలచినవారు గత సంవత్సరపు పాట మొత్తమును, అనగా 27 లక్షలను, ముందే డిపాజిట్ చేయవలెను. ఎవరును గొణగలేదు. ఆదాయపు పన్ను శాఖవారు ముందస్తు పన్ను అను పేర అడుగునదియు ఇంచుమించు ఇదే గదా. అచట అది దౌర్జన్యము, ఇచట నియమనిష్ఠ.

ఈ దృశ్యమునకు జోడైన మరియొక దృశ్యము నగరపు శివారులలో ఏ సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున నైనను పనిదినములందు కానవచ్చును. బొడ్రాయి కడ అంకె నిమిషనిమిషమునకు ఉబ్బుచుండగా, ఇచట అదే అంకె గడప దాటునప్పటికి సన్నగిల్లుచుండును. ప్లాటు కొన్నవాడు చెల్లించిన ధర వేరు, దస్తావేజులో వ్రాయించు ధర వేరు. మధ్యనున్న తేడా సంచిలో ప్రయాణము చేయును. స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిపి తెలంగాణమున 2021 నుండి నూటికి ఏడున్నర గనుక, ఆ ఏడున్నరను తప్పించుకొనుటకై మనవారు చూపు గణితప్రజ్ఞ రామానుజనునికి సైతము అసూయ కలిగింపగలదు. లడ్డూకు పలికిన ప్రతి రూపాయియు బహిరంగముగా పలుకబడినది. ఆ మాటకు వచ్చినచో, ఈ శివారులలో సిసలైన ధరకు జరుగు క్రయము సంవత్సరమున కొక్కటే, అదియు తినుబండారమునకు సంబంధించినదే.

చౌరస్తాలోని ఒక చాయ్ హోటలులో, మలైపొర తేలిన గాజుగ్లాసును సాసరుపై నిలిపి, ప్లాట్ల వ్యాపారి యొకడు ఎదుటి బల్లపైనున్న వృద్ధునితో జరిపిన సంభాషణ యిది:

“గా లడ్డూ పైసలు యాడికి పోతయో నాకు ఎరుకే తాతా. గుడికి పోతయ్, బడికి పోతయ్. కండ్ల ముంగటనే కనవడ్తది. గీ ట్యాక్సు పైసలు యాడికి పోతున్నయ్? ఎవనికి ఎరుక?”

“మరి నీ వెంచరు ముంగట డాంబరు రోడ్డు ఎవలేసిండ్రు బిడ్డా?”

“గది గవర్నమెంటు రోడ్డు గదనే. గది ఎట్లైనా ఏస్తది.”

వృద్ధుడు మారు పలుకలేదు. చాయ్ ఊదుకొని త్రాగినాడు. ప్రభుత్వమనగా ధనము లేకయే రోడ్డు వేయునది, చెల్లింపు లేకయే దీపము పెట్టునది, మనకు ఏ బంధుత్వమును లేకయే మన కుళాయిలో నీరు విడుచునది అను నమ్మకము ఆ యువకున కొక్కనికే పరిమితము కాదు. ఇంగ్లీషు పత్రికలు చదువు విద్యావంతులును, దానిని కొంచెము మెరుగుపెట్టిన మాటలలో, రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చలలో వెలిబుచ్చుచునే యుందురు.

అట్లని ఆ యువకుని మాట పూర్తిగా తీసివేయదగినది కాదు. పంటలో ఆరవ భాగము రాజుదని స్మృతులు చెప్పినవి. ఆ భాగము కోటలోనికి పోవుటను రైతు కన్నులార చూచినాడు, కోటలోనుండి తిరిగి వచ్చుటను అంతగా చూడలేదు. దొరల గడీలకు వెట్టి చేసిన తాతల మనుమలకు, సర్కారునకు పోవు ప్రతి పైసయు పరుల పాలే అను అనుమానము రక్తములోనే యుండుట వింత గాదు. పైగా బాలాపూర్ బొక్కసమునకు గల మూడు సుగుణములు ఢిల్లీ బొక్కసమునకు లేవు: ఇచ్చినవాడెవడో ఊరికి తెలియును, ఎంత యిచ్చెనో తెలియును, పుచ్చుకొన్నవారు మరునాడు అదే వీథిలో ఎదురుపడుదురు. మనవారు లోభులు కారు. పేరు లేని దానము చేయుట వారికి అలవాటు కాలేదు, అంతే. పన్ను అనగా పేరు లేని దానము. పన్ను కట్టినవానికి రశీదు మిగులును. దానిపై పేరు ఉండును గాని అది సాధారణముగా తప్పుగా అచ్చయి యుండును.

అయినను లడ్డూ సమష్టివాదమునకు ఒక పొలిమేర కలదు. అది ఊరి పొలిమేరయే. బాలాపూర్‌లో గుర్రం చెరువు అని యొకటి యున్నది. 2020లో, కరోనా కారణమున లడ్డూ వేలము నిలిచిపోయి, ఆ లడ్డూను నాటి ముఖ్యమంత్రిగారికి సమర్పించిన ఆ సంవత్సరమే, అక్టోబరు మాసమున కురిసిన కుండపోత వానలకు ఆ చెరువు కట్ట తెగి, దిగువనున్న హఫీజ్ బాబానగర్ మొదలగు పాతనగరపు బస్తీలలోనికి నీరు ఉరికినది. ఇండ్లలో నిలువెత్తు బురద. బియ్యపు సంచులు, పిల్లల పుస్తకములు, కుట్టుమిషనులు అన్నియు నీటిపాలు. నీటికి ఊరి యెల్ల తెలియదు, మతము తెలియదు, వేలము తెలియదు. పైనుండు చెరువు కట్టను ఎవరు చూడవలెను? క్రిందివారు పైవారి కట్టకు చందా యిత్తురా? పైవారు క్రిందివారి క్షేమమునకై పాట పాడుదురా? తూము మరమ్మతు చేయించినవానికి శాలువ లేదు. నాలా పూడిక తీయించినవానికి ఊరేగింపు లేదు. కట్ట తెగనంత కాలము దానిని కాపాడినవాడెవడో ఎవరికిని తెలియదు. ఎవనికిని పేరు రాని పనులు లోకమున కొన్ని యున్నవి గనుకనే మనుష్యులు పన్ను అను అప్రియమైన సాధనమును కనిపెట్టుకొనిరి. 35 లక్షల లడ్డూ ఊరికి ఒక కమానును కట్టగలదు. చెరువులను, నాలాలను, వాటి వెంబడి ఆక్రమించి లేచిన మేడలను సరిచేయుట దానికి శక్యము కాదు. ఆ మేడల యజమానులలో లడ్డూ భక్తులును ఉండవచ్చునని ఒక దుష్టబుద్ధి నా చెవిలో చెప్పినాడు, నేను వినలేదు.

ప్రభుత్వము మాత్రము పాఠము నేర్చుకొనకపోలేదు. పన్ను అడుగుట కష్టమనియు, పాట పెట్టుట సుఖమనియు గ్రహించి అది కూడ బొడ్రాయి యెక్కినది. 2023 ఆగస్టులో కోకాపేట భూములు ఎకరము 100 కోట్ల 75 లక్షలకు పలికినవి. 2025 అక్టోబరులో రాయదుర్గమున ఎకరము 177 కోట్లకు పోయినది. సమష్టి భూమిని వ్యక్తులకు విక్రయించి, ఆ ధనముతో సమష్టికి సంక్షేమము చేయుట, మరుసటి సంవత్సరము సంక్షేమము కొనసాగుటకై మరికొంత భూమిని విక్రయించుట: ఈ పద్ధతికి భూమి యున్నంత వరకు ఏ లోపమును లేదు. మద్యము దుకాణముల సంగతి యింకను రమ్యము. 2,620 దుకాణములకై 2023లో లక్షా ముప్పది వేలకు పైగా దరఖాస్తులు వచ్చి, రెండేసి లక్షల రుసుముతో 2,600 కోట్లకు మించిన సొమ్ము సమకూరినది. ఉత్సాహము చూచి 2025లో రుసుమును మూడు లక్షలు చేసినారు. లాటరీలో దుకాణము దక్కనివానికి రుసుము తిరిగి రాదు. ఈ యొక్క విషయమున బాలాపూర్‌వారిది ధర్మప్రభుత్వమని ఒప్పుకొనక తప్పదు: అచట పాట ఓడినవాని డబ్బు వానికి దక్కును.

ప్రహరీ గోడల మధ్యనున్న విల్లాలవారు మరియొక మెట్టు పైకెక్కినారు. బండ్లగూడ జాగీరులోని ఒక విల్లాల సముదాయమున లడ్డూ 2025లో 2 కోట్ల 32 లక్షలకు పోయినది. ఊరితో సంబంధము వలదని గోడ కట్టుకొన్నవారు గోడ లోపల జట్లు జట్లుగా చేరి పాడి, ఆ ధనమును గోడ వెలుపలి పేదల సేవకు వినియోగింతురట. మంచిదే. ఇందులో వ్యక్తివాద మేదో, సమష్టివాద మేదో విడదీసి చెప్పగల పండితుడు దొరికినచో వానికొక శాలువ నేను కప్పెదను.

రాజకీయ చర్చలలో ప్రతిదినము వినబడు “మా పన్నుల డబ్బు” అను మాట సంగతి క్లుప్తముగా ముగింతును. 2023 డిసెంబరు 9 నుండి ఆడువారికి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము వచ్చినది మొదలు ఈ మాట మరీ గట్టిగా వినబడుచున్నది. 2025 కేంద్ర బడ్జెటు పుణ్యమా అని కొత్త విధానములో పండ్రెండు లక్షల వరకు ఆదాయమున్నవాడు ఆదాయపు పన్ను కట్టనక్కరలేదు. ఆ బస్సులో కూరగాయల గంపతో కూర్చున్న స్త్రీ తాను కొనిన సబ్బుపైనను, చెప్పులపైనను, ఫోను రీచార్జిపైనను పన్ను కట్టుచునే యున్నది. ఆమె మాత్రము “నా పన్నుల డబ్బుతో మీ ఫ్లైఓవరు” అని ఇంతవరకు అనలేదు. 2018లో వచ్చిన రైతుబంధు ఎకరములకు పరిమితి లేక ఇచ్చినందున సేద్యమెరుగని భూస్వాములకును అందినది. అప్పుడు “మా పన్నుల డబ్బు” కొంతకాలము మౌనవ్రతము పాటించినది. 2020లో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధము చేయుదుమనగా ఇరువది ఐదు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. చట్టమును మీరుటలో మనమందరము వ్యక్తివాదులము, క్షమాభిక్ష కోరుటలో సమష్టివాదులము.

ఇంటిపన్ను విషయమున ఈ క్షమాభిక్ష ఒక ఋతువు వలె వచ్చిపోవుచుండును. గడువులోగా కట్టనివానికి నెలకు నూటికి రెండు చొప్పున వడ్డీ పడును, ఏండ్లకేండ్లు కట్టకున్నచో ఏదో ఒక ఫిబ్రవరి మార్చి మాసములందు ఒకేసారి పరిష్కార పథకమని ప్రకటించి ఆ వడ్డీలో నూటికి తొంబది మాఫీ చేయుదురు, జి.హెచ్.ఎం.సి.లో ఇది పలుమార్లు జరిగినది. సకాలమున కట్టిన బుద్ధిమంతునికి నూటికి ఐదు తగ్గింపు, సకాలమున కట్టని ఘనునికి వడ్డీలో తొంబది తగ్గింపు. ఏ తరగతిలో చేరుట లాభమో లెక్క వేసికొనుటకు పట్టభద్రుడు కానక్కరలేదు. కొన్ని పురపాలికలలో బకాయిదారుల ఇంటి ముందు డప్పు కొట్టించినారు. అది పొరపాటు విధానమని నా అభిప్రాయము. డప్పు, కట్టినవాని ఇంటి ముందు మ్రోగవలెను. ప్రతి వార్డులో ఏప్రిల్ మొదటి దినమున ఇంటిపన్ను ముందుగా కట్టిన గృహస్థుని బొడ్రాయి కడ నిలిపి, దండవేసి, అతని సొమ్ము ఏ నాలా పూడికకు, ఏ వీథి దీపమునకు పోయినదో మైకులో చదివి వినిపింపవలెను. ఆ లెక్క చదువుటకు అధికారులు వెనుకాడినచో, పౌరుడు కట్టుటకు ఏల వెనుకాడుచున్నాడో అప్పుడు వారికే తెలియును.

బడంగ్‌పేట నగరపాలక సంస్థలో నుండిన బాలాపూర్, 2025 చివర 27 పురపాలక సంస్థల విలీనముతో మహానగరపు పద్దులోనికి చేరినది. బొడ్రాయి కదలలేదు, బొక్కసము మాత్రము మరికొంత దూరము జరిగినది. పాఠక మహాశయులారా, ఏప్రిల్ నెలాఖరులోగా ఇంటిపన్ను చెల్లించినవారికి నూటికి ఐదు రూపాయల తగ్గింపు కలదు. శాలువ లేదు.