పాఠంలో మంచం, రేవులో గంప

వృద్ధాప్య శాస్త్రం, అనగా మనిషి ముదిమిని శరీరం, మనసు, సమాజం అనే మూడు వైపుల నుంచి పరిశీలించే విద్య, తన పాఠ్యచిత్రాల్లో ముసలమ్మను తరచు మంచానికో చేతికర్రకో అప్పగించి చేతులు దులుపుకుంటుంది. 60 ఏళ్లు నిండినవారు వయోవృద్ధులని 2007 నాటి చట్టం నిర్వచించింది గానీ, నెల్లూరు తీరాన మైపాడు ఇసుకపై ఎండుచేపలు తిరగేస్తూ, కాకులను అదిలిస్తూ, గంప నెత్తికెత్తుకునే అవ్వకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. అక్షరాస్యతా వాచకంలోని పాఠం విని సారా దుకాణంపై తిరగబడిన దూబగుంట మహిళలదీ ఇదే జిల్లా. వారు రాజేసిన ఉద్యమమే 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. ఆ జిల్లా అవ్వకు వృద్ధాప్య పాఠం కేటాయించిన మహాకార్యం మాత్రం వేళకు మాత్రలు మింగడమే. రేవు దాకా నడిచి ఆమెను చూసే ఓపిక పాఠ్యరచయితలకు లేనప్పుడు, వృద్ధాప్యం అసలు ఎవరికి వచ్చిందో ఆ శాస్త్రమే తేల్చవలసి ఉంటుంది.