ఒక ఫాలోఅప్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
మీరు వలదటన్న మేలని నవ్వెద
పండుగలకుఁ బూలఁ బంపుచుందు
రేటు పెరిగెననుచు రెండేండ్లు పిలిచెద
సైటు చూడ రండి సారు గారు!

అవతారిక: షాద్‌నగర్ వైపు ప్లాట్లమ్మే టెలికాలర్ ఒకడు, ఏనాడో అర్ధరాత్రి నిద్రపట్టక పోర్టల్లో 'గజం ఎంత?' అని నొక్కి మరచిపోయిన హైదరాబాదు గృహస్థుతో పలుకుతున్నాడు.

ప్రతిపదార్థం: సారు గారు = ఓ లీడు మహాశయా; మీరు = తమరు; వలదు అటన్న = "మీటింగులో ఉన్నానండీ" అంటే; మేలు అని = "ష్యూర్ సార్" అని; నవ్వెద = గొంతులో నవ్వు తెచ్చుకుంటాను (ఎక్సెల్ షీటులో 'వార్మ్' అని మారుస్తాను అని శేషం); పండుగలకున్ = ఉగాది మొదలు సంక్రాంతి దాకా; పూలన్ పంపుచుందు = వాట్సాప్‌లో పూల బొమ్మలు పంపుతుంటాను; రేటు పెరిగెను అనుచు = "సోమవారం నుంచి గజం పెరుగుతోంది సార్" అంటూ; రెండేండ్లు పిలిచెద = కొనేదాకా ఫోన్ చేస్తాను; సైటు = హద్దురాళ్లు పాతిన చేను; చూడన్ రండి = కారు మాది, భోజనం మాది, వచ్చి చూడండి.

తాత్పర్యం: అయ్యా, మీరు వద్దన్నది ప్లాటును కాదు, ఈ పూటను. కనుక మరో పూట పిలుస్తాను.

విశేషాలు: 'పూలు' నిజమైన పూలేనని ఒక వ్యాఖ్యాత. అది అసంగతం. సంక్రాంతి బొమ్మలో పైన ముగ్గు, నడుమ హరిదాసు, ఆయన అక్షయపాత్ర పక్కనే లేఔట్ మ్యాపు, అడుగున ఫోన్ నంబరు ఉంటాయి.

'సారు గారు' చోట 'మేడం గారు' అని పాఠాంతరం. యతి చెడుతుంది. ఒకే మెసేజిని వెయ్యిమందికి పంపే చోట యతిని పట్టించుకునేదెవరు?

ఏ సోమవారమో కవి చెప్పలేదు. అన్ని సోమవారాలకూ పనికివస్తుంది కనుక దోషం కాదు.

'రెండేండ్లు' అతిశయోక్తి అని కొందరు. కాదు, స్వభావోక్తి. లీడు పండాలంటే ఆషాఢం పోవాలి, మూఢం విడవాలి, పిల్లల ఫీజులు తీరాలి, బ్యాంకు లోనుకు ఒప్పుకోవాలి, ఆపైన మామగారు తల ఊపాలి. ఇంతలో టెలికాలర్లు ముగ్గురు మారతారు. కొత్తవాడికి దక్కేది షీటులో 'ఆర్‌ఎన్‌ఆర్' అన్న మూడక్షరాలే. అంటే ఫోన్ మోగింది, ఎత్తలేదు. "తూర్పు ఫేసింగ్ అయితే చెప్పండి, పాప పరీక్షలయ్యాక చూద్దాం" అని సారు అన్న మాట పాతవాడితోనే పోయింది. అందుకే ప్రతి ఫోనూ మొదటి ఫోనే అవుతుంది. విసుగు పుట్టించేది రెండేళ్ల కాలం కాదు, ఈ మరుపు.

'సైటు' ముందు 'రెరా' శబ్దం లోపించడం గమనార్హం. రెరా అనే 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్‌ను రిజిస్టర్ చేయించకుండా ప్రకటించరాదు, అమ్మరాదు. అమ్మిపెట్టే ఏజెంటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. 'ప్రీలాంచ్ ఆఫర్' అనే అలంకారం ఈ లోపాన్ని కప్పడానికి పనికివస్తుంది. సహృదయుడైన లీడు రేటు కంటే ముందు రెరా నంబరు అడుగుతాడు.

ఫలశ్రుతి: దీన్ని రోజూ పఠించేవాడికి బ్లాకు ప్రాప్తిస్తుంది. పాప పరీక్షలు ఎప్పుడయ్యాయో రాసిపెట్టుకుని, ఆ మర్నాడు తూర్పు ఫేసింగ్ ప్లాటుతో ఒక్కసారి పిలిచేవాడికి టోకెన్ అడ్వాన్సు సిద్ధిస్తుంది.