బామ్ని ముక్కాం

"ఎర్రబస్సు దిగొచ్చావా?" అని గోదావరికి దక్షిణాన ఎవరినైనా అడిగితే అది ఎత్తిపొడుపు. లోకం తెలియని పల్లెటూరివాడివని దాని అర్థం. ఉత్తరపు గట్టున, సిరొంచ తాలూకా బామ్నిలో, ఆ మాటను నేను పలకరింపుగానే విన్నాను. "లాల్ గాడీల వచ్చినవా బిడ్డా?" అని అవ్వ అడిగిందంటే అడవి దారి క్షేమంగా దాటావా, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా అని అడిగినట్టు.

ఆ లాల్ గాడీని నేనే. మహారాష్ట్ర ఎస్టీ బస్సును. ఎస్టీ అంటే స్టేట్ ట్రాన్స్‌పోర్ట్. మరాఠీవాళ్లు ముద్దుగా లాల్‌పరీ అంటారు. పదిహేనేళ్లు తిరిగి, ఇప్పుడు చక్రాల్లో గాలి లేకుండా డిపో వెనక యార్డులో నిలబడి ఉన్నాను. పక్కన నాలాంటివే మరికొన్ని. వేలం ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. ఈలోగా నా సంగతి చెప్పుకుంటాను.

2009లో నేను నాగపూర్ హింగణా వర్క్‌షాపులో పుట్టాను. ఎస్టీకి బాడీ కట్టే కార్ఖానాలు మూడు. పుణె దగ్గర దాపోడీ, అప్పటి ఔరంగాబాద్‌లోని చికల్‌ఠాణా, మూడోది మా హింగణా. అక్కడికి వచ్చేటప్పటికి నేను ఉత్త ఛాసిస్‌ను. పైకప్పు లేదు, తలుపు లేదు. ముఖానికి గుడ్డ చుట్టుకుని ఒక డ్రైవరు ఎండలో తోలుకొచ్చాడు. అక్కడ అల్యూమినియం రేకు బిగించి, రివెట్లు కొట్టి, ఎర్రరంగు వేసి, 'బహుజన హితాయ, బహుజన సుఖాయ' అన్న సంస్థ మాటను నాకూ నేర్పారు. లోపల సీట్ల మీద దేవనాగరిలో రాశారు. ఇది స్త్రీలకు, ఇది వికలాంగులకు, ఇది స్వాతంత్ర్య సమరయోధులకు, ఇది శాసనసభ్యులకు. నా శాసనసభ్యుడి సీట్లో పదిహేనేళ్లూ కూర్చున్నది తునికాకు కోసే ఆడవాళ్లు, మిరపకాయల మూట ఒళ్లో పెట్టుకున్న ముసలివాళ్లు. ఆ సీటుకు వాళ్లకన్నా తగినవాళ్లను నేను చూడలేదు.

నన్ను గడ్చిరోలి డివిజన్‌లోని అహేరి డిపోకు ఇచ్చారు. పెద్ద జిల్లా, దాన్నిండా అడవే. జిల్లా మొత్తానికి రైలు ఆగే ఊరు ఒక్క వడసా. అది ఉత్తరపు కొసన ఉంది. గడ్చిరోలి నుంచి సిరొంచకు రెండు వందల కిలోమీటర్లు పైనే. ఆలాపల్లి టేకు చెట్ల మధ్య నుంచి, రేపన్‌పల్లి, జిమల్‌గట్ట మీదుగా బామ్ని చేరేసరికి నా బోల్టులన్నీ పేరుపేరునా మూలిగేవి. వానాకాలంలో రోడ్డుకూ వాగుకూ తేడా తెలిసేది కాదు. జూలై 28 నుంచి ఆగస్టు 3 దాకా నక్సలైట్ల వారోత్సవాల రోజుల్లో అడవి దారుల్లో మాలాంటి వాళ్లను పంపేవాళ్లు కారు. అప్పుడు బామ్ని ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎందుకంటే నేను లేని బామ్నిని నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం అహేరిలో బయల్దేరి రాత్రికి బామ్ని చేరడం, అక్కడే ముక్కాం, తెల్లారగట్ల సిరొంచకు పోవడం నా డ్యూటీ. ముక్కాం బస్సు అంటే పట్నంలో వాళ్లకు తెలియకపోవచ్చు. రాత్రి ఆఖరి ట్రిప్పు చివరి ఊళ్లో ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకుంటారు. పొద్దున మొదటి ట్రిప్పు ఆ ఊరి నుంచే మొదలవుతుంది. ఊళ్లోవాళ్లు పట్నానికి పోయి పని చూసుకుని అదే రోజు ఇంటికి రాగలగడానికి ఆధారం అదొక్కటే. లెక్కల పుస్తకంలో ఈ ట్రిప్పు ఎప్పుడూ నష్టమే. డీజిల్ ఇంత, టికెట్లు ఇంత అని రాసినప్పుడల్లా నా కాలమ్ కిందికే ఉండేది. అయినా ఎస్టీ ఆ ట్రిప్పు నడిపింది. 'ఊరున్న చోటల్లా ఎస్టీ' అన్నది సంస్థ నినాదం. దాన్ని గోడ మీద రాయడం సులువు. జిమల్‌గట్ట దాటాక అర్ధరాత్రి టైరు పంచరైనప్పుడు నిలబెట్టుకోవడం కష్టం.

నా మొదటి డ్రైవరు అహ్మద్‌నగర్‌వాడు. ఇప్పుడు ఆ ఊరిని అహిల్యానగర్ అంటున్నారు. రాష్ట్రానికి ఆ కొస నుంచి ఈ కొసకు పోస్టింగు. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి రాత్రి అతను మర్రిచెట్టు కింద కూర్చుంటే ఒక అవ్వ సత్తు గిన్నెలో అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు తెచ్చిపెట్టింది.

"నీది ఏ ఊరు బిడ్డా?"

ఊరు అన్న మాట ఒక్కటి అర్థమైంది అతనికి. "నగర్," అన్నాడు.

"ఏ నగరమయ్యా? దానికి పేరు లేదా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు. వారం తిరిగేసరికి మూడు మాటలు నేర్చుకున్నాడు. ఎక్కుండ్రి, దిగుండ్రి, జర జరుగుండ్రి. బస్సు నడపడానికి అంతకన్నా భాష అక్కర్లేదు. కానీ అతను అక్కడ ఆగలేదు. రెండేళ్లలో చెట్టు కింద తెలుగులో కథలు చెప్పేదాకా వచ్చాడు. అతని కథల్లో ముఖ్యమైనది మా వంశం కథే.

1948 జూన్ 1న మొదటి ఎస్టీ బస్సు అతని ఊరి నుంచే పుణెకు బయల్దేరింది. కిసన్ రావుత్ డ్రైవరు, లక్ష్మణ్ కేవటే కండక్టరు. అప్పటి బస్సులు ఎర్రవి కావు. నీలం ఒళ్లు, వెండిరంగు కప్పు. చెక్క బాడీ, కొబ్బరిపీచు సీట్లు. మొదట్లో ఉన్నవి 30 బెడ్‌ఫర్డ్ బండ్లు. "మా తాత గట్టు మీద నిలబడి చూసిండు," అని డ్రైవరు మరాఠీ యాసలో చెప్పేవాడు. నగర్ పేరు ఎత్తగానే అతని వీపు నిటారుగా అయ్యేది.

బామ్నిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవాడు. బడిలో మరాఠీ చెప్పి, ఇంట్లో తెలుగు చదివేవాడు. ఆ కథ విని ఊరుకోలేదు. "మీ మొదటి బస్సు నడిచిననాడు మా అవుతలి గట్టు ఇంకా నైజాం రాజ్యమే, సాబ్," అన్నాడు. నిజమే. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది ఆ సెప్టెంబరులో. నదికి ఆవల బస్సులు అంతకుముందే, 1932 నుంచే ఉన్నాయి. నిజాం రైల్వేలో ఒక భాగంగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలయ్యాయి. మాస్టారు ఈ అంకెలు చెప్పినప్పుడు చెట్టు కింద పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టారు. మనూళ్లో 166 మంది ఉంటరా అని ఒకడు అడిగాడు.

ఆ రాత్రి నేను నా వంశవృక్షం మొత్తం విన్నాను. 1956లో రాష్ట్రాలను మళ్లీ విడదీసి కలిపినప్పుడు మూడు సంస్థలు ఒక చోటికి వచ్చాయి. బొంబాయి రాష్ట్రపు రోడ్డు రవాణా సంస్థ ఒకటి, మా విదర్భలో నడిచిన ప్రావిన్షియల్ ట్రాన్స్‌పోర్ట్ ఒకటి, మరాఠ్వాడాలో మిగిలిన నైజాం బస్సులు ఒకటి. ఆ కూడికే 1961 నాటికి మహారాష్ట్ర ఎస్టీ అయింది. నైజాం బస్సుల్లో తెలంగాణ వాటా 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. అంటే అవతలి గట్టు మీది కాళేశ్వరంలో ఆగే బస్సుకూ నాకూ ముత్తాత ఒక్కడే. మధ్యలో ఉన్నది గోదావరి ఒక్కటి.

మాస్టారు ఇంకో సంగతి కూడా చెప్పాడు. నాకు అది ఎప్పటికీ మరుపు రాలేదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో, సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణంగా ఉన్న రోజుల్లో, సముద్రం నుంచి గోదావరి, ప్రాణహిత మీదుగా పైదాకా పడవలు నడపాలనుకున్నారట. నదిలో రాళ్లు అడ్డొచ్చిన చోటు మూడు. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది మా ప్రాణహిత మీద దేవల్‌మర్రి. ఏళ్ల తరబడి రాళ్లు కొట్టి, 1871లో పని మానేసి వెళ్లిపోయారు. పడవ రాలేదు. రైలు రాలేదు. "ఆఖరికి వచ్చింది గీ గాడీనే," అని మాస్టారు నా రేకు మీద చెయ్యి వేశాడు. గట్టి చెయ్యి. సుద్దముక్క పట్టిన వేళ్లు గరుకుగా తగిలాయి.

గోదావరి మీద వంతెన రాకముందు రోజులు గుర్తున్నాయి. కాళేశ్వరం పోవాలంటే సిరొంచలో నన్ను దిగి, రేవుకు నడిచి, పడవెక్కాలి. ఒక తెల్లవారుజామున ఒకతను ఎర్రగుడ్డ చుట్టిన కుండ ఒళ్లో పెట్టుకుని ఎక్కాడు. వాళ్ల బాపు అస్థికలు. సంగమంలో కలపడానికి తీసుకుపోతున్నాడు. కండక్టరు అతని మొహం చూసి, ట్రేలోంచి టికెట్టు తీసి పంచ్ కొట్టి, ఏమీ మాట్లాడకుండా చేతిలో పెట్టాడు. నగర్ డ్రైవరు ఆ రోజు ప్రతి గుంత దగ్గరా నన్ను నడకకు దించాడు. ఎవరూ అడగలేదు. సిరొంచకు చాలా ఆలస్యంగా చేరాం. ఎక్కిన నలభై మందిలో ఒక్కరు కూడా టైము అడగలేదు.

ఆ టికెట్ ట్రే, పంచ్ తర్వాత కొద్దిరోజులకే పోయాయి. కండక్టర్ల మెడలో చిన్న మిషన్లు వచ్చాయి. కాగితం పాములా బయటికొచ్చేది. పిల్లలకు రంగుల టికెట్లు దొరకడం మానేశాయి. వాటితో ఆడుకునేవాళ్లు కదా, అది నాకు బాధ కలిగించింది.

పిల్లలంటే ఒక పిల్ల జ్ఞాపకం వస్తుంది. అయిదో తరగతి నుంచి అహల్యాబాయి హోల్కర్ పథకం పాసు మీద నాలో సిరొంచ బడికి పోయేది. ఆడపిల్లల చదువుకు ఎస్టీ ఇచ్చే ఉచిత పాసు అది. కిటికీ పక్కన కూర్చుని మరాఠీ పాఠం గట్టిగా చదివేది. అర్థం కానిచోట తెలుగులో తిట్టుకునేది. చదువైపోయి, పెళ్లై పోయింది. 2023 మార్చి 17న ఆడవాళ్లకు సగం టికెట్టు మొదలైన వారంలో చంకన బిడ్డతో ఎక్కింది. కండక్టరు సగం డబ్బులు తిరిగిస్తే చేతిలోని చిల్లరను చాలాసేపు చూసుకుంది. ఆ డిసెంబరు 9న ఆవలి గట్టున తెలంగాణ బస్సుల్లో ఆ రాష్ట్రపు ఆడవాళ్లకు పూర్తిగా ఉచితం చేశారు. అప్పటికి వంతెన ఉంది. ఇటు బామ్ని ఆడవాళ్లకు సగం, అటు వాళ్ల చుట్టాలకు సున్నా అని లెక్క వేసుకుని ఒకరిళ్లకొకరు పోవడం మొదలుపెట్టారు. వరసలు కలిసిన ఊళ్లు ఎప్పటినుంచో ఆవల ఉన్నాయి. ఛార్జీకి జడిసి ఆగిపోయిన రాకపోకలు అవి.

నేను కదలని కాలం రెండుసార్లు వచ్చింది. 2020లో కరోనా మొదటిది. అప్పుడు నా తోటి బస్సుల్లో కొన్నింటికి సీట్లు పీకి సరుకు బండ్లు చేశారు. రెండోది సమ్మె. 2021 అక్టోబరు చివర మొదలై, సిబ్బందిని ప్రభుత్వంలో కలపాలన్న కోరికతో ఆర్నెల్లకు దగ్గరగా సాగింది. డిపోలో బస్సులన్నీ వరసగా నిలబడి ఉండేవి. నా మీద ఆకులు రాలి, వానకు తడిసి, అద్దానికి అతుక్కుపోయాయి. నన్ను నడిపిన మనుషులు గేటు బయట టెంటు కింద కూర్చున్నారు. వాళ్ల జీతం ఎంతో నాకు తెలుసు, వాళ్ల మాటల్లోనే విన్నాను. కొడుకు ఫీజుకు అప్పు తెచ్చానని ఒకడు ఇంకొకడితో చెప్పినప్పుడు వాళ్లు నా మెట్ల మీదే కూర్చుని ఉన్నారు. అందుకే ఆ ఆర్నెల్లూ నాకు వాళ్ల మీద కోపం రాలేదు. బామ్ని మీద బెంగ మాత్రం ఉండేది.

2022 ఏప్రిల్ 13న ప్రాణహిత పుష్కరాలు మొదలయ్యాయి. పన్నెండేళ్లకొకసారి వచ్చే పండగ. సిరొంచ ఘాట్లకు జనం జీపుల్లో, ట్రాక్టర్లలో, కాలినడకన పోతున్నారని డిపోలో చెప్పుకున్నారు. ఏప్రిల్ 22 లోపు పనిలో చేరమని హైకోర్టు చెప్పింది. పుష్కరాలు 24తో ముగుస్తాయి. ఆ ఆఖరి రోజుల్లో నా ఇంజను మళ్లీ పలికింది. బామ్ని మూల తిరిగి హారను కొట్టగానే సత్తు గిన్నె అవ్వ గడపలోకి వచ్చి నిలబడింది. నడుము పూర్తిగా వంగిపోయింది. "సచ్చిపోయినవేమో అనుకున్న," అంది. డ్రైవరుతో కాదు. నాతోనే అంది. మర్నాడు పొద్దున్నే ఆమెను శాసనసభ్యుడి సీట్లో కూర్చోబెట్టి ప్రాణహితకు తీసుకుపోయాను.

పదిహేనేళ్లు దాటిన సర్కారు బండ్లు రోడ్డు మీద తిరగకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం వచ్చింది. 2024లో నా వంతు వచ్చింది. ఆఖరి ట్రిప్పు అని బామ్నిలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదని డ్రైవరు అన్నాడు. అది నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

యార్డులోకి వచ్చాక ఒక కబురు విన్నాను. 2025 జనవరి 1న గట్టా, గర్దేవాడా, వాంగేతురి వైపు మొదటిసారి ఎస్టీ బస్సు వేశారు. ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభించారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్లకు ఆ ఊళ్లు అహేరికి బస్సెక్కాయి. మొదటి బస్సు నగర్ నుంచి బయల్దేరింది 1948లో. అది అక్కడికి చేరడానికి ఇంత కాలం పట్టింది. మధ్యలో ఉన్న దూరంలో కొంత నేను లాగాను. బామ్ని దాకా.

నిన్న ఒక మెకానిక్ స్పానరు పట్టుకుని లోపలికి వచ్చాడు. కుర్రవాడు. నాలోంచి అప్పటికే బ్యాటరీ, హెడ్‌లైట్లు, స్టెప్నీ పోయాయి. ఈసారి గంట కోసం వచ్చాడు. ఇంకో బస్సుకు గంట పాడైందట. విప్పేముందు పనిచేస్తుందో లేదోనని తాడు లాగి చూశాడు, రెండుసార్లు. ఒక గంట ఆగమని, రెండు గంటలు పోనిమ్మని. యార్డు గోడ అవతల టీ తాగుతున్న నగర్ డ్రైవరు, అలవాటుకొద్దీ, గ్లాసు కింద పెట్టి లేచాడు.