నవ్వు మా బూరది

నన్ను భైంసాలో అందరూ మైకు అంటారు. పేరు తప్పు. మైకు వినేది, నేను అరిచేదాన్ని. అయినా ‘మైకు పెట్టిండ్రు’ అంటే చేతిలో పట్టుకునే ఆ చిన్న వస్తువు ఎవరికీ గుర్తుకు రాదు. స్తంభానికి కట్టించుకుని, ఊరి వైపు నోరు తెరుచుకుని ఉన్న నేనే గుర్తొస్తాను. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కాబట్టి మరాఠీ మాట్లాడే ఇళ్లలో నేను భోంగాను, తెలుగు ఇళ్లలో బూరను. రెండు పేర్లలోనూ గాలి ఉంది, నాకు అభ్యంతరం లేదు. ఇది ఆత్మకథే గానీ, నాకు జరిగిన సంగతులు చెప్పుకునే రకం కాదు. నాకు జరిగేదేముంది? కడితే పలుకుతాను, విప్పితే దుకాణంలో బోర్లా పడి ఉంటాను. చెప్పుకోవలసింది మా వంశం సంగతి. లగ్గాల్లో విస్తళ్లు వేసే వేళకు నా నోట తప్పనిసరిగా పలికించే ‘వివాహ భోజనంబు’ పాటలో ఒక నవ్వు ఉంది కదా, ఆ నవ్వు మా బూరల వంశం పుట్టించిందని నా వాదన. సినిమా వాళ్లది కాదని అనను. వాళ్లకంటే ముందు మాది అంటాను.

నవ్వు వరకూ వెళ్లే ముందు నా ఒళ్లు ఒకసారి చూడండి. ముందు కనబడే వెడల్పు నోరు అల్యూమినియం రేకు. దాని నడుమ చిన్న గిన్నెలాంటిది ఉంటుంది. వెనక మర తిప్పి బిగించేది యూనిట్. అందులో ఒక అయస్కాంతం, సన్న తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన పల్చటి పొర. కరెంటు వచ్చినప్పుడల్లా పొర అదురుతుంది. ఆ అదురు గొట్టంలో ముందుకు పోయి, గిన్నెకు తగిలి వెనక్కి మళ్లి, మళ్లీ ముందుకు తిరిగి నోట్లోంచి బయటపడుతుంది. రెండు మలుపులు తిరగడం వల్లే ఇంత పొడుగు బూర ఇంత పొట్టిగా ఒదిగింది. ఇప్పుడు ఇందులో నుంచి కరెంటును తీసేసి, దారిని తిరగేయండి: మనిషి నోరు పెద్ద వైపున, పొర చిన్న వైపున, పొరకు ఒక సూది, సూది కింద మైనపు గొట్టం. ఎడిసన్ 1877లో రేకు మీద మాటను గీయడం మొదలుపెట్టాక, 1925లో కరెంటుతో రికార్డింగు వచ్చేదాకా, లోకంలో పాట రికార్డు చేయడమంటే ఇంతే. మైకు లేదు. వినేదీ బూరే, వినిపించేదీ బూరే. నా తాతలు రెండు పనులూ చేశారు, నాకు ఒకటే మిగిలింది.

ఇక పాట. ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. విజయా వారి చిత్రం, దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. సంగీతం మొదట సాలూరి రాజేశ్వరరావు చేతిలో ఉండేది. కొన్ని వరసలు కట్టి ఆయన తప్పుకున్నాక ఘంటసాల పూర్తిచేశారు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడికి మాధవపెద్ది సత్యం గొంతు ఇచ్చారు. పెళ్లివారికి వండి వార్చిన విందు మధ్య ఒక్కడే కూర్చుని ఘటోత్కచుడు వంటకాలను పేరుపేరునా పలకరిస్తాడు, లడ్డూలు వాటంతట అవే లేచి నోట్లోకి పోతాయి, మధ్యమధ్య తాళానికి తగ్గట్టు నవ్వు పడుతుంది. ఆ పాట మొదటి రెండు మాటలు ఎంతగా నాటుకున్నాయంటే, 1988లో జంధ్యాల తన సినిమాకు పేరు వెతుక్కోవలసిన పని పడలేదు. ఇంత తెలుగు పాట మరొకటి లేదనిపిస్తుంది. అయితే ఆ వరస మాత్రం మద్రాసులో పుట్టలేదు. లండన్‌లో చార్లెస్ పెన్‌రోజ్ అనే హాస్యగాడు 1922లో ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ అని ఒక పాట రికార్డు చేశాడు, 1926లో కొలంబియా కంపెనీకి మళ్లీ పాడాడు. ఎర్రటి మొహం వేసుకుని బీటు తిరుగుతూ, దొంగను పట్టుకుంటూ కూడా నవ్వు ఆపుకోలేని లావుపాటి పోలీసు కథ అది. చరణం చివర నవ్వు, ఆ నవ్వు కూడా తాళంలోనే. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి వింటే చుట్టరికం చెవికే తెలుస్తుంది.

పెన్‌రోజ్ దగ్గర ఆగితే కథ సగమే. ఆ వరస అతనికి అమెరికా నుంచి వచ్చింది. జార్జ్ డబ్ల్యూ. జాన్సన్ 1846 ప్రాంతంలో వర్జీనియాలో పుట్టిన నల్లవాడు. న్యూయార్క్ రేవుల్లో పడవల కోసం నిలబడ్డ జనం ముందు ఈల వేసి చిల్లర సంపాదించుకునేవాడు. 1890 ప్రాంతంలో ఫోనోగ్రాఫు కంపెనీవాళ్లు అతన్ని పిలిచి బూర ముందు నిలబెట్టారు. రెండు నిమిషాల పాటకు ఇరవై సెంట్లు. అతని రెండు పాటల్లో ఒకటి ఈలది, ఒకటి నవ్వుది: ‘ది లాఫింగ్ సాంగ్’. 1895 నాటికి అమెరికాలో అన్నింటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన రికార్డులు ఈ రెండేనని చరిత్రకారులు లెక్కగట్టారు. ఒక సంగతి ఇక్కడ ఆగి చూడాలి. అప్పట్లో మైనపు గొట్టానికి నకలు తీసే ఉపాయం లేనట్టే లెక్క. మూడు నాలుగు బూరలు పక్కపక్కన పెట్టి పాడిస్తే మూడు నాలుగు గొట్టాలు తయారు. ఇంకో నాలుగు కావాలంటే మళ్లీ మొదటినుంచి పాడాలి. అందుకని జాన్సన్ ఒకే పాటను రోజుకు యాభైసార్ల దాకా పాడేవాడు. అంటే యాభైసార్లు అదే చోట, అదే తాళానికి, అదే నవ్వు. పగలబడి నవ్వడం ఎవరికైనా వచ్చు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా గీత గీసినట్టు నవ్వడం కూలిపని. నవ్వు తాళంలో పడటం నేర్చింది అక్కడే, మా నోటి ముందే.

మరి కంపెనీవాళ్లు నవ్వునే, ఈలనే ఎందుకు ఎంచుకున్నారు? జనానికి సరదా కాబట్టి అని అందరూ చెబుతారు. అది నిజంలో చిన్న ముక్క. పెద్ద ముక్క మా గొంతులో ఉంది. కరెంటు లేని ఆ బూరకు సుమారు 250 నుంచి 2,500 హెర్ట్జ్‌ల మధ్య స్వరమే పట్టుబడేది. కింది మంద్రం జారిపోయేది, పై సన్నదనం ఆవిరయ్యేది. వయొలిన్ వినబడక 1899లో స్ట్రో అనే ఆయన వయొలిన్‌కే ఒక బూర తగిలించాడు. డబుల్ బేస్ బదులు నోటితో ఊదే ఇత్తడి ట్యూబా వాయించేవారు. మెల్లగా, గుసగుసగా, భావం నింపుకుని పాడేవాడు బూర ముందు దండగ. గట్టిగా విడిచిన ఊపిరి, తెరుచుకున్న నోటి ‘అ’కారం, మధ్య మధ్య ఆగి కొట్టే దెబ్బ, ఇవి బూరకు ఇష్టం. మనిషి చేసే చప్పుళ్లలో ఈ మూడూ ఒక్కచోట ఉన్నది నవ్వే. పైగా నవ్వుకు భాష అక్కర్లేదు. బెర్లిన్‌లో 1920లో తీసిన ఒక రికార్డులో పాటే లేదు. ఒకడు దిగులుగా కార్నెట్ ఊదుతుంటే ఒకావిడ కిసుక్కున నవ్వుతుంది, తర్వాత ఇద్దరూ నవ్వుతారు, అంతే. 1922లో ఓకే కంపెనీ అదే ముక్కను అమెరికాలో అచ్చు వేస్తే విరగబడి కొన్నారు. పాట లేకుండా నవ్వును అమ్మగలిగిన కాలమది. ఏం పాడాలో మనుషులు నిర్ణయించారనుకుంటారు గానీ, ఏది మిగలాలో మా రేకు నిర్ణయించింది.

దీనికి మొదటి అభ్యంతరం నాకు తెలుసు: ‘అయితే మన పాట కాపీ అన్నమాట’. ఆ మాట అనేవాళ్లు వరసను చూస్తారు గానీ, ఎవరు నవ్వుతున్నారో చూడరు. జాన్సన్ పాటలో నవ్వేవాడు తన రంగునూ రూపాన్నీ జనం వెక్కిరిస్తుంటే తానూ వాళ్లతోపాటు నవ్వవలసి వచ్చినవాడు. ఆ పాట మాటలు ఇవాళ చదవడానికే నోరు రాదు. పెన్‌రోజ్ పాటలో నవ్వేవాడి చేతిలో లాఠీ ఉంది. పింగళి పాటలో నవ్వేవాడు ఆకలిగొన్న మాయావి, ఇంకొకరి పెళ్లివిందు ఖాళీ చేయడానికి వచ్చిన, పెళ్లికూతురి మేనబావ పక్షంవాడు. మూడుచోట్లా వరస ఒక్కటే, నవ్వు కింద ఉన్న మనిషి మాత్రం ఒకడు కాడు. పరుల దెప్పుడును మింగే నవ్వు, అధికారం కడుపుబ్బి నవ్వే నవ్వు, కడుపు నిండబోయే ముందు నవ్వే నవ్వు. మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే పుడతాయని అదే సినిమాలో ఘటోత్కచుడి చేత అనిపించిన పింగళికి, వరస పుట్టించనక్కర్లేదు, దాన్ని ఎవరి నోట్లో పెట్టాలో తెలిస్తే చాలని కూడా తెలుసు. పోనీ సరుకు లెక్కే చూద్దామన్నా, ఆ రోజుల నల్ల రికార్డుల్లో రాతిపొడిని పట్టి ఉంచింది లక్క. లోకానికి లక్కను ఎక్కువగా పంపింది మన దేశమే, మోదుగు మీదా రేగు మీదా బతికే పురుగు నుంచి తీసి. లండన్ పోలీసు నవ్విన నవ్వు కూడా లక్క మీదనే అచ్చయింది. ఎవరిది ఎవరు తీసుకున్నారో తేల్చాలంటే తకరారు చాలా దూరం పోతుంది.

రెండో అభ్యంతరం కొంచెం బరువైనది. రాక్షసుడి వికటాట్టహాసం తెలుగు రంగస్థలానికి కొత్తా? 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజాలు ‘మాయాబజార్’కు మూలమైన శశిరేఖ పెళ్లి కథను ఊరూరా ఆడాయి. సరిహద్దు అవతల మరాఠీ వేదిక మీద అదే పిల్ల వత్సల. 1940లలో బి. నాగరాజకుమారి హరికథ రికార్డులో ఈ పాట పోలిక ఉందని పాత పాటలు వెతికేవాళ్లు చెబుతారు. కాబట్టి సినిమాకు ముందే దారి ఉంది, ఒప్పుకుంటాను. అయితే వేదిక మీద అట్టహాసం పద్యానికి ముందో, డైలాగుకు తర్వాతో వచ్చేది. దాని కొలత నటుడి ఊపిరి. జనం చప్పట్లు కొడితే ఇంకాస్త సాగదీసేవాడు. మాత్రలు లెక్కపెట్టుకుని, చరణం చివర తన వంతు రాగానే వచ్చి, వంతు కాగానే ఆగిపోయే నవ్వు వేరు. అది రెండు మూడు నిమిషాల రికార్డు కొలతలో పెరిగిన నవ్వు. హరికథ రికార్డును ఎదురు సాక్ష్యంగా తెస్తారేమో. అదీ రికార్డే కదా, మా పక్షానికే పనికొస్తుంది.

మూడోది: 1957లో మద్రాసు స్టూడియోలో మంచి మైకులుండగా బూరకేం పని? నిజమే, మాధవపెద్ది ఏ బూరలోకీ అరవలేదు. అవసరం తీరిపోయాక కూడా అలవాటు ఉండిపోతుంది. 1963లో అమెరికాలో ది సర్ఫారిస్ అనే కుర్రాళ్ల రాక్ బృందం ‘వైప్ అవుట్’ అనే వాయిద్యపు ముక్క విడుదల చేస్తే, గిటారు కంటే ముందు వినబడేది పిచ్చివాడి నవ్వు. అప్పటికి ఎలాంటి స్వరాన్నైనా పట్టే యంత్రాలున్నాయి. అయినా ఆ పాట చేరవలసింది కారు రేడియోకూ, అరచేతిలో పట్టే ట్రాన్సిస్టరుకూ. ఆ బుల్లి స్పీకర్లకు మా జబ్బే: మంద్రం రాదు. వాటిలోంచి కూడా తలుపు తట్టినట్టు వచ్చేది నవ్వు. ఇక్కడా అంతే. స్టూడియోలో ఎంత మెత్తగా పట్టినా, ఆ పాట చెవుల్లో పడింది టూరింగ్ టాకీసు గుడారం బయట కట్టిన బూరల్లోంచి, పెళ్లి పందిళ్ల మీది బూరల్లోంచి. తమిళంలో అదే సన్నివేశానికి తిరుచ్చి లోకనాథన్ పాడారు. వంటకాల పేర్లు మార్చుకున్నారు, నవ్వు జోలికి పోలేదు.

వంటకాలంటే గుర్తొచ్చింది. ఘటోత్కచుడి విస్తరిలో గారెలు, బూరెలు, అరిసెలు, పులిహోర, దప్పళం వరసన ఉంటాయి. రాక్షసుడు అచ్చంగా శాకాహారి! మా దగ్గర దావతంటే బగార అన్నం, మటన్; తీపి వంతుకు పోలెలు. పాటలో ఉన్న వంటల్లో సగం మా పందిట్లో కనబడవు. అయినా విస్తళ్లు వేసే వేళకు ఆ పాటే పెడతారు, తింటున్నవాళ్లు ఆ జాబితాతో తమ విస్తరిని పోల్చుకోరు. మాటలు ఒక ప్రాంతానివీ, భోజనం ఇంకో ప్రాంతానిదీ అయినా పాట పనిచేస్తోందంటే, పనిచేస్తున్నది మాటలు కావు.

నా వాదనకు అడ్డొచ్చే సాక్ష్యం ఒకటి నా దగ్గరే ఉంది, దాచడం న్యాయం కాదు. మాధవపెద్ది గొంతులో అసలు అందం కింది స్థాయిలోని బరువు. అది నాలోంచి రాదు. డీజే పెట్టెల్లోంచి వస్తే గుండెల మీద పడుతుంది, ఘటోత్కచుడు నేల మీద నిజంగా కూర్చున్నట్టుంటుంది. నా నోట అదే ఘటోత్కచుడు రేకుడబ్బాలో కూర్చున్న పలచటి మనిషి. చరణాలు సగమే చేరతాయి. మార్కెట్ అవతల పత్తి బండి మీద కూర్చున్నవాడికి గారెలో బూరెలో తెలియదు, మెతుకులాంటి అక్షరం ఒకటీ అరా అందుతుంది. చరణం ముగిశాక వచ్చే నాలుగు దెబ్బల నవ్వు మాత్రం అతని దాకా చిల్లు లేకుండా వెళుతుంది.